ఢిల్లీలో చెట్ల మొదళ్లు

కుతుబ్ మినార్ ముందు మా గుంపంతా తలలు పైకెత్తి నిలబడింది. మేమిద్దరం మాత్రం నేల చూస్తూ నడుస్తున్నాం. ఒకరు నేను. రెండో మనిషి మా మరదలు, చనిపోయిన మా తమ్ముడి భార్య. చెట్టు కనిపించినప్పుడల్లా ఆమె దగ్గరికి వెళ్లి, మొదలు చూసి, "ఇది కాదండి" అని ముందుకు కదులుతోంది.

"మీ ఇద్దరివీ ఏమన్నా పడిపోయాయా ఏంటండి?" అని పాస్టరమ్మగారు అడిగారు. మా చర్చి స్త్రీల సమాజం తరఫున పన్నెండుమందిని పోగుచేసి ఢిల్లీ తీసుకొచ్చింది ఆవిడే.

"లేదండి. చెట్లు చూస్తున్నాం," అంది మా మరదలు.

"చెట్లు చూడ్డానికి కడియం నుంచి ఢిల్లీ వచ్చినవాళ్లని మిమ్మల్నే చూశానమ్మా."

అందరూ నవ్వారు. నవ్వడంలో తప్పు లేదు. మా కడియంలో ఎటు చూసినా నర్సరీలే. దేశంలో నలుమూలలకీ మొక్కలు మా దగ్గర్నించి లారీల్లో వెళతాయి. మేం చూడని చెట్టు ఢిల్లీలో ఏముంటుంది? కాని మేం వెతుకుతున్నది వాటిలో ఒక వరుస. అది ఉందో లేదో మా ఇద్దరికీ తెలియదు. ఉందని ఆమె నమ్మకం. లేదని నా అనుమానం.

మా తమ్ముడు ముప్పై ఏళ్లు నర్సరీలో పనిచేశాడు. అంట్లు కట్టేవాడు, లోడు ఎత్తేవాడు, దూరం వెళ్లే లారీల్లో దారి పొడుగునా మొక్కలకి నీళ్లు పెట్టడానికి తోడు వెళ్లేవాడు. మా మరదలిది అక్కడే నల్ల ప్లాస్టిక్ సంచుల్లో మట్టీ ఎరువూ నింపే పని. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. చదువు నాకు వచ్చింది, చేతిపని వాడికి వచ్చింది.

పన్నెండేళ్ల కిందట వాడు ఢిల్లీ లోడుతో వెళ్లాడు. వారంలో రావలసినవాడు రెండు వారాలకి వచ్చాడు. మొక్కలు దించుకున్న కాంట్రాక్టరుకి మనుషులు చాలక, నాలుగు రోజులుండి నాటి వెళ్లమన్నాడట. ఒక పాత సమాధి చుట్టూ ఉన్న పార్కులో తను నలభై పొగడ మొక్కలు నాటానని చెప్పాడు.

"ఏ పార్కురా అది?" అని అడిగాను.

"గుమ్మటం పార్కు అక్కా. పక్కన మురుగుకాలవ. గోడవతల రైళ్లు పోతుంటాయి."

"పేరేంటి?"

"పేరు చదవడానికి నేనేమన్నా నువ్వా?"

అక్కడ వాడు ఒక పొరపాటు చేశాడు. మా వైపు మొక్క నాటితే చుట్టూ మట్టి ఎగదోసి దిబ్బ చేస్తాం. వానాకాలం నీళ్లు నిలిచి వేరు కుళ్లకుండా ఉండాలంటే మొక్క ఎత్తున ఉండాలి. ఢిల్లీ పొడి నేల. అక్కడ మొక్క చుట్టూ పళ్లెంలా లోతు చేసి పాదు తీస్తారు, పోసిన నీళ్లు జారిపోకుండా. మా వాడు అలవాటు కొద్దీ నలభై మొక్కలకీ మూరెడెత్తు దిబ్బలు కట్టేశాడు. నాలుగో రోజు సాయంత్రం పార్కు పెద్దమాలీ వచ్చి చూసి తిట్టాడు. తిట్లు అర్థం కాలేదుగాని, దిబ్బలు కూలగొట్టి పాదులు తియ్యమన్న సంగతి చేతులతో చూపించాడు. మర్నాడు పొద్దున్నే లారీ తిరుగు ప్రయాణం కట్టింది. దిబ్బలు అలాగే ఉండిపోయాయి.

ఈ కథ వాడు తనమీద తనే నవ్వుకుంటూ చెప్పేవాడు. చెప్పినకొద్దీ అది పెరిగింది. నలభై మొక్కలు ఒక్కోసారి అరవై అయ్యేవి. పార్కు నడుచుకుంటూ పార్లమెంటు పక్కకి వచ్చేది. టీకొట్టు దగ్గర వాణ్ని చూడగానే, "ఏరా, ఢిల్లీ చెట్లకి నీళ్లు పెట్టావా?" అని అడగడం ఊరికి అలవాటైపోయింది. "పొద్దున్నే పెట్టొచ్చాన్రా. మంత్రిగారు కాఫీ తాగి వెళ్లమన్నారు, టైము లేదన్నాను," అనేవాడు. అందరితోపాటు నేనూ ఇదొక వేళాకోళం అనుకున్నాను. లోడు దించి, ఊరు చూసి, ఆలస్యంగా వచ్చిన మనిషి అల్లుకున్న కథ అనుకున్నాను.

ఏడాదిన్నర కిందట వాడు గుండె ఆగి చనిపోయాడు. మధ్యాహ్నం అన్నం తిని పనిలోకి లేస్తూ కూలిపోయాడు.

మాలో మనిషి పోయిన ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక పెడతాం. ఫొటోతో ఒక కార్డు అచ్చువేసి పంచుతాం. ఆ మనిషి జీవితం క్లుప్తంగా అందులో రాస్తాం, చర్చిలో అదే చదువుతారు. మా ఇంట్లో రాయగలిగింది నేను. మా మరదలు నా పక్కన కూర్చుని తనకి కావలసినవి చెప్పింది. చివర్లో, "ఢిల్లీలో నలభై పొగడ చెట్లు నాటారని రాయండి వదినగారు," అంది. రాశాను. రాత్రి సాఫు చేస్తూ ఆ వాక్యం కొట్టేశాను.

నాకు ఆ కార్డుల భాష అంటే ఇష్టం లేదు. పోయిన ప్రతి మనిషీ వాటిలో ఆదర్శ భర్త, ప్రేమగల తండ్రి, ప్రార్థనాపరుడు. చదువుతుంటే ఎవరి కార్డో తెలియదు. మా తమ్ముడి కార్డులో నిజమని నాకు తెలిసిన సంగతులు తప్ప ఇంకేమీ ఉండకూడదనుకున్నాను. వాడికి నేను చేయగల మర్యాద అదే అనుకున్నాను.

కూడిక అయ్యాక వంటగిన్నెలు సర్దుతూ మా మరదలు ఒక్కమాట అంది. "ఆయన బతుకు మీద ఎర్రసిరా పెట్టారు వదినగారు."

గొంతు పెంచలేదు. ఆ తర్వాత కూడా మామూలుగా ఇంటికి వచ్చేది, కూర తెచ్చేది, నా మందులు అడిగేది. వాడి గురించి మాత్రం నా దగ్గర మాట్లాడటం మానేసింది. నేను ఎత్తినా, "అవునండి" అని ఊరుకునేది. అమ్మా నాన్నా లేరు. నాకు తోబుట్టువు వాడొక్కడే. వాడు ఎలా తుమ్మేవాడో, దేనికి అలిగేవాడో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే మిగిలింది. ఆ మనిషి నోరు మూసుకుంది. నేను వాణ్ని రెండోసారి పోగొట్టుకున్నాను. ఈసారి తప్పు నాది.

అందుకని ఫిబ్రవరిలో ఢిల్లీ ప్రయాణం అన్నప్పుడు ఆమె నన్నడక్కుండా నా పేరు కూడా ఇచ్చేస్తే నేను కాదనలేదు.

"నన్నెందుకు కలిపావు?" అని మాత్రం అడిగాను.

"హిందీ మీకేగా వచ్చు. అయినా కొట్టేసినావిడే వచ్చి చూడాలి."

మొదటి రోజు ఎర్రకోట, కుతుబ్ మినార్, ఇండియా గేటు. కుతుబ్ మినార్ గురించి నేను చెప్పగలిగింది ఒకటే: పుస్తకంలో బొమ్మ చూసి అనుకున్నదానికంటే అది చాలా పెద్దది. ఎర్రకోటలో గొడుగు ఎత్తి పట్టుకుని ఒక గైడు చక్రవర్తుల కథలు చెబుతున్నాడు. మా మరదలు వెనక ఉన్న పచ్చిక వైపు నడిచింది. అక్కడ ఒక చెట్టు కొమ్మ నరికిన చోటు చూసి, "కోత తెలీని చెయ్యి," అంది. ఇండియా గేటుకి వెళ్లే దారికి రెండు పక్కలా నేరేడు చెట్లున్నాయి. వాటి వయసు అంచనా కట్టి, "మన తాతలనాటివండి. ఇవి కావు," అంది.

ఇండియా గేటు గోడల మీద యుద్ధాల్లో పోయిన సిపాయిల పేర్లు చెక్కి ఉన్నాయి. ఆమెకి ఇంగ్లీషు రాదు. నన్నడిగి తెలుసుకుంది. కాసేపు పైనుంచి కిందకి చూసింది.

"ఇన్ని పేర్లు రాసినాయన అందరికీ రుజువులు అడిగాడంటారా?"

పాస్టరమ్మగారు ఫొటోకి పిలిస్తే వెళ్లి నిలబడ్డాం.

రెండో రోజు తామర ఆకారం గుడి, రాజ్‌ఘాట్, లోడీ తోట. లోడీ తోటలో గుమ్మటాలు కనబడగానే ఆమె నా చెయ్యి పట్టుకుంది. కాని అక్కడ రైలు చప్పుడు లేదు, మురుగుకాలవ లేదు. అంత శుభ్రమైన పార్కు మా తమ్ముడి కథలో లేదు. చెట్లన్నీ పాదుల్లో ఉన్నాయి. ఆ రోజు మేం ఎన్ని మొదళ్లు చూశామో నాకు గుర్తులేదు. సాయంత్రం బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అప్పటికి మా తమ్ముడు చెప్పింది అబద్ధమని నాకు ముప్పాతిక వంతు రుజువైంది. ఆ రుజువు నాకు అక్కర్లేదని కూడా ఆ బస్సులోనే తెలిసింది.

మూడో రోజు అందరూ ఆగ్రా బయల్దేరారు.

"మేం రామండి," అన్నాను.

పాస్టరమ్మగారు నా నుదురు ముట్టుకుని చూశారు. "జ్వరమేం లేదే. తాజ్‌మహల్ మానేసి ఏం చేస్తారు టీచరుగారు?"

"పార్కు చూస్తాం."

"తాజ్‌మహల్ చుట్టూ కూడా పార్కుందంట కదండి," అంది వెనకనించి ఒకామె. బస్సు కదిలేదాకా మా మీద జోకులు నడిచాయి. మా మరదలు వాళ్లకి చెయ్యి ఊపి, బస్సు మలుపు తిరగగానే నా వైపు చూసింది. "మీకు తాజ్‌మహల్ చూడాలని లేదా వదినగారు?"

"ఉంది," అన్నాను. అది నిజం.

ఆటో అతనితో నేను హిందీలో మాట్లాడాను. చిన్నప్పుడు రాష్ట్రభాష పరీక్షలు పాసయ్యాను గాని, ఆ హిందీ మాట్లాడింది తక్కువ. అతను శ్రద్ధగా విని, "అమ్మా, మీరు పురాణం సీరియల్లో రాణుల్లా మాట్లాడుతున్నారు," అన్నాడు. మాకు కావలసింది చెప్పాను: ఒక గుమ్మటం, పక్కన మురుగుకాలవ, గోడవతల రైలుపట్టాలు.

"ఈ ఊళ్లో గుమ్మటం లేని పేట చూపిస్తే మీకు నేనే టీ తాగిస్తాను," అన్నాడతను. అయినా పట్టాల పక్క దారి పట్టుకుని పోనిచ్చాడు.

మొదటి చోట గేటుకి తాళం ఉంది. ఊచల సందులోంచి చూస్తే లోపల చెట్లే లేవు. రెండో చోట గుమ్మటం ఉంది, రైలు చప్పుడు ఉంది. చెట్లు వేపలు, అన్నీ పాదుల్లో. కాలవ లేదు. మా మరదలు మొత్తం చుట్టి వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. తెచ్చుకున్న పులిహోర తిన్నాం.

"దొరక్కపోతే?" అన్నాను.

"మీరు గెలిచినట్టేగా."

"నాకు గెలవాలని లేదు."

"ఆ బుద్ధి కార్డు రాసేటప్పుడు ఉండాల్సింది." పులిహోర డబ్బా మూత పెడుతూ ఆమే అంది. "ఆయన గొప్పలు చెప్పేవారండి. నాకు తెలీదా? అరవై అన్నప్పుడు, మంత్రిగారన్నప్పుడు నేనూ నవ్వాను. కాని తిట్లు తిన్న సంగతి ఎవరన్నా కల్పించుకుంటారా? గొప్పలు చెప్పేవాడు తను గెలిచిన కథ చెబుతాడు. ఇందులో ఈయన గెలిచిందేముంది?"

ముప్పై ఏళ్లు పిల్లలకి పాఠాల్లో ఏది ఎందుకు నమ్మాలో చెప్పినదాన్ని. ఈ ప్రశ్న నాకు తట్టలేదు. ఆ మెట్టు మీద కూర్చుని నేను మొదటిసారి మా తమ్ముణ్ని నమ్మాను. అప్పటికింకా చెట్లు కనబడలేదు.

మూడో చోట ఆటో దిగగానే మా మరదలు ముక్కు ఎగబీల్చింది.

"మురుగు వాసన వదినగారు," అంది సంతోషంగా.

పార్కు పెద్దదేమీ కాదు. మధ్యలో నల్లబడ్డ గుమ్మటం, కింద పావురాలు. పేరు బోర్డు ఉందిగాని అక్షరాలు చెరిగిపోయాయి. ఎవరి సమాధో అక్కడ నడిచేవాళ్లని అడిగితే వాళ్లకీ తెలియలేదు. మేం గేటు నుంచి గుమ్మటం వెనక్కి తిరిగాం. కాలవ గోడ పక్కన, పల్లంగా ఉన్న మూలలో ఒక వరుస కనిపించింది. ముదురాకుపచ్చ ఆకులు, అంచులు అలలుగా. పూత కాలం కాదు. వాసన ఏమీ లేదు, కాలవ వాసన తప్ప.

పొగడ చెట్లు. పదకొండు. ఒక్కొక్కటీ ఒక్కో దిబ్బ మీద.

మా మరదలు పరిగెత్తలేదు. మొదటి చెట్టు దగ్గరికి మామూలుగా నడిచి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, దిబ్బ మట్టి గోటితో గీకి చూసింది. మాను చుట్టూ రెండు చేతులూ పెట్టి లావు చూసింది. "పన్నెండేళ్లుంటుందండి," అంది. తర్వాత రెండో చెట్టుకి వెళ్లింది.

నా అలవాటు నన్ను అప్పుడూ వదల్లేదు. దిబ్బలు ఎవరైనా కట్టి ఉండవచ్చు. గొట్టంతో నీళ్లు పెడుతున్న మాలీ దగ్గరికి వెళ్లాను. యాభై దాటిన మనిషి, తలకి మఫ్లరు. నేను లారీ మాట ఎత్తలేదు, దక్షిణాది మాట ఎత్తలేదు. మాటలు నేనే అందిస్తే సాక్ష్యం పాడవుతుంది.

"ఈ చెట్లు దిబ్బల మీద ఎందుకున్నాయి?" అని మాత్రం అడిగాను.

"వానాకాలంలో కాలవ పొంగి ఈ మూలంతా మునుగుతుందమ్మా. పాదుల్లో పెట్టినవి ఎన్నిసార్లు పెట్టినా కుళ్లిపోయాయి. ఇవే నిలిచాయి."

"ఎవరు కట్టారు?"

"ఒక మద్రాసీ. మొక్కల లారీలో వచ్చాడు. మా పెద్దమాలీ చాలా తిట్టాడు. ఇదేమన్నా వరిచేనా అన్నాడు. వాళ్ల లారీ వెళ్లిపోయాక కూలగొట్టమని నాకు చెప్పాడు. నేను రేపు, ఎల్లుండి అని బద్ధకించాను. ఈలోగా వానలు పట్టుకున్నాయి. నడుం లోతు నీళ్లు. నీళ్లు తీశాక చూస్తే ఈ మూలలో బతికినవి ఇవే. పెద్దమాలీ వచ్చి చూశాడు. మరుసటేడు నుంచి ఇక్కడ ఏది పెట్టినా దిబ్బ కట్టి పెట్టమన్నాడు."

గొట్టం నేల మీద పడేసి చెయ్యి చాపి చూపించాడు. అప్పుడు చూశాను. పొగడ వరుస వెనక కానుగలున్నాయి, పక్కన గన్నేరు పొదలు, ఈ ఏడే పెట్టిన లేత మొక్కలు. అన్నీ దిబ్బల మీదే. ఆ మూలంతా మా కడియం దొడ్డిలా ఉంది.

"వీటిని మద్రాసీ దిబ్బలంటాం. ఏటా వానలకి ముందు మట్టి ఎగదోస్తాం," అన్నాడతను.

నేను తెలుగులో చెప్పాను. మా మరదలు చెట్ల దగ్గర్నించి లేచి వచ్చింది.

"మద్రాసేంటండి? మనకీ మద్రాసుకీ సంబంధమేంటి? గోదావరని చెప్పండి."

చెప్పాను. అతను రెండుసార్లు పలికి చూశాడు. "గోదావ్రీ," అన్నాడు.

"దీర్ఘం ఎక్కువైంది. ఫర్లేదు," అంది ఆమె.

"ఆ మనిషి ఎలా ఉండేవాడు?" అని అడిగాను.

"మొహం గుర్తులేదమ్మా. ఒకటి గుర్తుంది. నేను మొక్కని కాండం పట్టుకుని ఎత్తబోతే చేతిమీద ఒక్కటి కొట్టాడు. ఇలా ఎత్తాలని చూపించాడు." రెండు అరచేతులూ కిందనుంచి పెట్టి, పసిపిల్లని ఎత్తినట్టు గాలిలో ఎత్తాడు. "నాలుగు రోజులూ అదే గోల. ఎవరు కాండం మీద చెయ్యి వేసినా, ఏయ్ ఏయ్ అంటూ వచ్చేవాడు."

ఆ 'ఏయ్ ఏయ్' అతను మా తమ్ముడి గొంతుతో అనలేదు. అయినా మా మరదలికి అనువాదం అవసరం లేకపోయింది. పాతికేళ్లు ఆమె చేతిమీద కూడా ఆ దెబ్బ పడింది. మొదట చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత పెద్దగా నవ్వింది. మాలీ కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. పావురాలు లేచి గుమ్మటం మీద వాలాయి.

అతను మా తమ్ముడి భార్య ఈమె అని తెలుసుకుని, "ఆయన రాలేదా?" అని అడిగాడు. చనిపోయాడని చెప్పాను. మఫ్లరు తీసి తల దించాడు. ఆ తర్వాత మొత్తం ఎన్ని మొక్కలుండేవని నేనడిగాను.

"చాలా ఉండేవి. కొత్తగా నడిచే దారి వేసినప్పుడు అటు పక్క వరుసలు తీసేశారు. ముప్పై... నలభై... లెక్క తెలీదు."

'చాలీస్' అన్న మాట మా మరదలికి తెలుసు. నర్సరీకి వచ్చే హిందీ బేరగాళ్ల దగ్గర నేర్చుకుంది.

"నలభై అన్నాడు. విన్నారా?"

"ముప్పై, నలభై అన్నాడు."

"నలభై అన్నాడా లేదా?"

"అన్నాడు."

"అదీ."

మేం దిబ్బల పక్కన సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. చెప్పవలసిన మాట నేను ముందే చెప్పాను, ఆలస్యం చేయలేదు. "నేను తప్పు చేశాను. ఆ వాక్యం కొట్టేయకూడదు."

"తెలుగు టీచర్లు తప్పు ఒప్పుకుంటారని ఇవాళే తెలిసిందండి." ఆమె చీర కుచ్చిళ్లకి అంటిన మట్టి దులుపుకుంది. "ఆ కార్డు మళ్లీ అచ్చు వెయ్యక్కర్లేదు లెండి. అది చదివినవాళ్లు సగంమంది భోజనాలెప్పుడని చూస్తున్నారు. మీరు నమ్మలేదనే నా బాధ."

తర్వాత ఆమె మా తమ్ముడి గురించి మొదలుపెట్టింది. లారీ దిగి వచ్చిన రోజు వాడి కాళ్లు ఎలా పగిలిపోయాయో, ఢిల్లీ వడగాలికి చెవులకి తువ్వాలు చుట్టుకుని పడుకున్నానని ఎలా నటించి చూపించాడో చెప్పింది. అంటు కట్టేటప్పుడు నాలుక ఎందుకు బయటపెట్టేవాడో అడిగితే, చిన్నప్పుడు పలక మీద రాసేటప్పుడూ అంతేనని నేను చెప్పాను. నాకు తెలియనివి ఆమె, ఆమెకి తెలియనివి నేను. ఆరు నెలల మాటలు అక్కడ మాట్లాడుకున్నాం. ఎండ గుమ్మటం అవతలికి వెళ్లేదాకా ఎవరమూ లేవలేదు.

లేచాక ఆమె ఊరుకోలేదు. ఒక దిబ్బ పక్కన వేరు బయటపడింది. మాలీని అడిగి పార తీసుకుంది. నేను బుట్టతో మట్టి అందించాను, ఆమె ఎగదోసి పాదంతో అదిమింది. పదకొండు దిబ్బలూ చేశాం. మధ్యలో మాలీ ఒక కొమ్మ అడ్డంగా కోసి ఉండటం చూసి, "ఇలా కోస్తే పుండు పడుతుందండి, ఏటవాలుగా కొయ్యాలని చెప్పండి," అని నాతో తర్జుమా చేయించింది. అతను చేతులు కట్టుకుని విన్నాడు. సాయంత్రం నడకకి వచ్చిన ఢిల్లీ పెద్దమనుషులు ఆగి, శాలువా నడుంకి బిగించి పార పట్టిన ఈ ఆడమనిషిని చూశారు. ఎర్రకోట ముందు కూడా నేను అంత నిటారుగా నిలబడలేదు.

ఆగ్రా వెళ్లినవాళ్లు అలసిపోయి వచ్చారు. భోజనాల దగ్గర తాజ్‌మహల్ గురించి చెప్పుకున్నారు. పాలరాయి ఎంత నునుపో, చెప్పులకి గుడ్డ తొడుగులు ఎలా వేసుకున్నారో చెప్పారు. మా మరదలు అన్నీ శ్రద్ధగా విని, చెయ్యి కడుక్కుని వచ్చి అంది.

"బాగుందండి. రేపు మాది చూద్దురుగాని."

పాస్టరమ్మగారికి సంగతంతా చెప్పాను. మర్నాడు పార్లమెంటూ రాష్ట్రపతి భవనమూ చూడాలి. ఆవిడ డ్రైవరు దగ్గరికి వెళ్లి, ముందు ఇంకొక చోటికి పోవాలని, అది కాగితంలో లేదని, అయినా పోవాలని చెప్పారు.

అందరం కాలవ పక్క మూలకి నడిచాం. ముందు మా మరదలు. నా తమ్ముడి కథని ఆమె అక్కడ మొదటినుంచి చెప్పింది, లారీ, నాలుగు రోజులు, తిట్లు, వాన. ఎంతమంది ఏ లెక్క అడిగినా ఉన్నవి పదకొండేనని, మాలీకి గుర్తున్నది ముప్పయ్యో నలభయ్యో అని చెప్పింది. ఒక్క మొక్క కూడా పెంచలేదు. నేను పక్కన ఊరికే నిలబడ్డాను. మాలీ స్నానం చేసి శుభ్రమైన చొక్కా వేసుకుని వచ్చాడు. పాస్టరమ్మగారు ప్రార్థన చేశారు. అతను కూడా కళ్లు మూసుకున్నాడు.

ఫొటో తియ్యమని బస్సు డ్రైవరుకి ఫోన్ ఇచ్చాం. అతను గుమ్మటం కూడా రావాలని వెనక్కి వెనక్కి పోతున్నాడు. మమ్మల్ని పక్కకి జరగమని చేత్తో సైగ చేస్తున్నాడు.

"గుమ్మటం అక్కర్లేదని చెప్పండి వదినగారు," అంది మా మరదలు. "ఫోన్ కిందకి దించమనండి. ఫొటోలో దిబ్బల మట్టి పడాలి."

చెప్పాను. అతను దించాడు.